నల్లమల మీద చేసిన పరిశోధన కలెక్టర్ బల్ల దాకా చేరాలంటే ఏం చేయాలి?

మా పడమటి ప్రకాశంలో నల్లమల గురించి తెలిసినవాళ్లకి కొదవ లేదు. దోర్నాల, యర్రగొండపాలెం గూడేల్లో ఏళ్లతరబడి తిరిగిన పరిశోధకులు ఉన్నారు, రిటైరైన పోలీసులున్నారు, హక్కుల సంఘాలవాళ్లున్నారు, పాత విలేకరులున్నారు. నక్సల్ ఉద్యమం ఇక్కడ ఎలా పాతుకుపోయింది, ఎలా వెనక్కి పోయింది, చెంచుల మీద రెండు వైపుల నుంచీ ఎంత బరువు పడింది, అన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. నిర్ణయం తీసుకునే కుర్చీ దాకా చేరేది మాత్రం చాలా తక్కువ.

ఒకసారి నేనే 46 పేజీల రిపోర్టు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. ఆ అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ తెప్పించారు, పేజీలు తిప్పారు, పన్నెండో పేజీ దగ్గర వేలు పెట్టి ఆగి, "బాగుంది సార్, ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అన్నారు. 46 పేజీల్లో ఎక్కడా నేను ఆ మాట రాయలేదు. అది ఆయన తప్పు కాదు. అప్పటినుంచి అధికారులకి ఇచ్చే చిన్న నోట్లు రాస్తూ, వేరేవాళ్లకి రాసిపెడుతూ నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నా.

ముందు, ఎవరి చేతిలో ఏముందో చూడండి

"ప్రభుత్వం ఇలా చేయాలి" అని రాస్తే అది ఎవరికీ రాసినట్టు కాదు. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. కేంద్ర బలగాలు పంపేది, మావోయిస్టు ప్రభావిత జిల్లాలకి భద్రతా ఖర్చు తిరిగిచ్చేది కేంద్ర హోంశాఖ. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిము గ్రామసభలో మొదలై, సబ్ డివిజన్ కమిటీ దాటి, కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీ దగ్గర తేలుతుంది. చెంచుల పనులు శ్రీశైలం ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, చూస్తుంది. ఎంపీకి పార్లమెంటులో ప్రశ్న వేసే హక్కు ఉంది కానీ ఒక గూడేనికి ఏఎన్ఎంని (ఆరోగ్య కార్యకర్తని) వేయించే అధికారం లేదు.

ఈ లెక్క తెలిస్తే సిఫార్సు దానంతట అదే పదునెక్కుతుంది. ఉదాహరణకి ఆ అటవీ హక్కుల చట్టంలోనే 3(2) అని ఒక సెక్షన్ ఉంది: బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లు, రోడ్డు లాంటి 13 రకాల పనులకి, ఒక్కోదానికి హెక్టారు కంటే తక్కువ అటవీ భూమి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫార్సు చేస్తే ఇవ్వొచ్చు. "రాజ్యం గిరిజనులకి దూరమైంది" అనే మాటకి తల ఊపే అధికారికి ఈ సెక్షన్ నంబరు, గూడెం పేరు, గ్రామసభ తీర్మానం తేదీ ఇచ్చి చూడండి, పెన్ను తీస్తారు. పులుల అభయారణ్యం లోపల అయితే వన్యప్రాణి చట్టం కూడా అడ్డొస్తుంది, ఆ సంగతి మీరే ముందు రాసేయండి, లేకపోతే అటవీశాఖవాళ్లు మొదటి నిమిషంలోనే నోట్ పక్కన పెట్టేస్తారు.

"ఇప్పుడు నక్సలైట్లు ఎక్కడున్నారండీ?"

ఈ ప్రశ్న ఖాయంగా వస్తుంది. దేశం మొత్తం మీద కేంద్రం జాబితాలో మావోయిస్టు ప్రభావిత జిల్లాలు 2018లో 126 నుంచి 90కి, 2021లో 70కి, 2024లో 38కి తగ్గాయి. 2025 మేలో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావే చనిపోయాడు. కాబట్టి భయపెట్టి చదివించాలని చూడకండి, అది అబద్ధమవుతుంది.

జవాబు వేరే ఉంది. అధికారులు రెండు మూడేళ్లకి బదిలీ అవుతారు, జిల్లాకి మాత్రం జ్ఞాపకం కావాలి. ఇవాళ వచ్చిన యువ ఐపీఎస్ 2004 అక్టోబరులో బడిలో ఉండుంటారు. ఆ నెలలో మావోయిస్టు నాయకుడు అక్కిరాజు హరగోపాల్ అలియాస్ ఆర్కే, మిగతా నాయకులు నల్లమల నుంచి బయటికి వచ్చి హైదరాబాద్‌లో 15 నుంచి 18 దాకా ప్రభుత్వంతో చర్చలకి కూర్చున్నారు. ఏడాది తిరక్కుండా, 2005 ఏప్రిల్‌లో, ఒంగోలు నడి ఊళ్లో జిల్లా ఎస్పీ మీద పేలుడు దాడి జరిగింది. ఆ ఆగస్టులో పార్టీ మీద నిషేధం మళ్లీ వచ్చింది. ఈ మూడు సంగతులకీ మధ్య ఏం జరిగిందో, గూడెంలో జనం దాన్ని ఎలా చూశారో చెప్పగలిగేది పరిశోధకుడే. రోడ్డు ఎక్కడ వేయాలి, పట్టా ఎందుకు ఆగింది, యూనిఫాం చూస్తే ఫలానా గూడెం ఇంకా ఎందుకు తలుపులేసుకుంటుంది, ఇవన్నీ ఆ జ్ఞాపకంలోనే ఉన్నాయి.

రెండు పేజీలు, మొదటి పేరాలోనే అడగాల్సింది అడగండి

ఏ4 సైజు రెండు పేజీలు చాలు. మొదటి పేరాలో ఏం అడుగుతున్నారో, ఎవర్ని అడుగుతున్నారో, ఎప్పటిలోగా అయితే ప్రయోజనమో రాయండి. తర్వాత ఎందుకు. ఆధారాలు చివర. థీసిస్‌కి ఇది తలకిందుల వరస, మొదట్లో చెయ్యి రాదు, అలవాటు చేసుకోవాల్సిందే.

భాష మార్చడం ఎలాగో ఒక వాక్యం దగ్గర పెట్టుకుని చూద్దాం. మన పరిశోధనల్లో ఇలా ఉంటుంది: "రాజ్య ఉనికి యొక్క అసమాన విస్తరణ వలన ఏర్పడిన చట్టబద్ధతా శూన్యంలో సాయుధ బృందాలు సమాంతర వివాద పరిష్కార వ్యవస్థలను నెలకొల్పుకున్నాయి." తప్పేమీ లేదు, కానీ దీన్ని చదివి ఎవరూ ఏమీ చేయలేరు. నేనైతే ఇలా మారుస్తా: "పొలం గట్టు తగాదా వస్తే మండలాఫీసుకి పోవాలి, ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది, అయినా తేలదు. దళం వస్తే ఒక రాత్రిలో తేల్చేది, ఇష్టమున్నా లేకపోయినా అందరూ ఒప్పుకునేవాళ్లు. దళాలు పోయాయి గానీ తగాదాలు అలాగే ఉన్నాయి. తహసీల్దారు, సర్వేయరు నెలకో రోజు గూడెంలో కూర్చుంటే ఇవి అక్కడికక్కడే తేలతాయి." చివరి వాక్యం చూడండి, రిపోర్టులో లేనిది అదే.

తేలిగ్గా రాయడం అంటే అనుమానాలు చెరిపేయడం కాదని కూడా గుర్తుంచుకోవాలి. మూడు గూడేల్లో విన్నది మూడు గూడేల్లో విన్నదనే రాయండి, "నల్లమల అంతటా" అని రాయకండి.

మాటల దగ్గర చాలా జాగ్రత్త

ఈ విషయంలో ప్రతి మాటా ఒక పక్షం తీసుకుంటుంది. గూడెంలో "అన్నలు" అంటారు, ఫైల్లో ఎల్‌డబ్ల్యూఈ (వామపక్ష తీవ్రవాదం) అని ఉంటుంది, పేపర్లో తీవ్రవాదులు అని వస్తుంది. నోట్‌లో పార్టీ పేరు, సంవత్సరం రాస్తే సరిపోతుంది: 2004 సెప్టెంబరు ముందు అయితే పీపుల్స్‌వార్, ఆ తర్వాత మావోయిస్టు పార్టీ. ఎదురుకాల్పులు అన్నచోట అలా ఎవరు చెప్పారో రాయండి. సానుభూతిపరుడు, కొరియర్, ఇన్‌ఫార్మర్, ఈ మూడు మాటలూ బతికున్న మనిషి పక్కన ఎప్పుడూ రాయొద్దు. మొదటి రెండిటికీ జైలుకి పోయినవాళ్లున్నారు, మూడోదానికి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

అలాగే, మీరు ఇచ్చిన కాగితం ఫైల్లో చేరుతుంది, రేపు సమాచార హక్కు కింద ఎవరైనా అడగొచ్చు. అందుకని మీతో మాట్లాడినవాళ్ల పేర్లు, లొంగిపోయినవాళ్ల ఊళ్లు, ఇంటి ఫొటోలు, లొకేషన్లు ఏవీ వద్దు. ఫీల్డ్ డైరీ ఎవరు అడిగినా ఇవ్వకండి. ఎంత మంచి అధికారి అడిగినా సరే. మీరు రాసేది విధానం కోసం, నిఘా కోసం కాదు. ఆ గీత ఒక్కసారి చెరిగితే గూడెం మీతో మాట్లాడదు, మీ తర్వాత వచ్చే పరిశోధకుడితో కూడా మాట్లాడదు.

అంకెలు

ఎంతమంది చనిపోయారు అనేదానికి హోంశాఖ వార్షిక నివేదికలో ఒక అంకె, సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో ఇంకో అంకె ఉండొచ్చు. ఎవరిని పౌరుడిగా లెక్కేశారు అన్నదగ్గరే తేడా వస్తుంది. రెండూ కలిపి గ్రాఫ్ గీయకండి, ఒకటి ఎంచుకుని దాని పేరు రాయండి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ముక్కలతో, మార్కాపురం వైపు అంతకుముందు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరులో, చీరాల, అద్దంకి బాపట్లలో కలిశాయి, ఆ తర్వాత హద్దులు మళ్లీ మారాయి. కాబట్టి "ప్రకాశం జిల్లాలో సంఘటనలు తగ్గాయి" అని రాసేముందు ఏ ఏడాది ప్రకాశమో చూసుకోవాలి. మండలాల వారీగా రాస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు.

మీకు నచ్చనివాళ్లకి చూపించండి

అన్నిటికంటే కష్టమైన పని ఇది. 2006లో ప్రణాళికా సంఘం డి. బందోపాధ్యాయ అధ్యక్షతన ఒక నిపుణుల బృందాన్ని వేసింది. అందులో మాజీ పోలీసు బాస్ ప్రకాశ్ సింగ్ ఉన్నారు, కేంద్ర ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) డైరెక్టర్‌గా చేసిన అజిత్ దోవల్ ఉన్నారు, మన హక్కుల నాయకుడు కె. బాలగోపాల్ కూడా ఉన్నారు. 2008లో వాళ్లిచ్చిన నివేదిక భూమి, అడవి, నిర్వాసితులు, పాలన గురించి గట్టిగా మాట్లాడింది. ఇలాంటివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని పనిచేసిన కాగితాన్ని "ఇది ఫలానా వాళ్లది" అని తీసిపారేయడం అంత తేలిక కాదు. మీ రెండు పేజీలు కూడా ఒక రిటైర్డ్ పోలీసాయన, ఒక హక్కుల సంఘం మనిషి ఇద్దరూ చదవాలి. ఇద్దరికీ కోపం వచ్చిన వాక్యం ఉంటే ఇంకోసారి చూసుకోండి, అది తప్పయినా అయ్యుండాలి, చాలా ముఖ్యమైనదైనా అయ్యుండాలి.

ఇవ్వడం

సోమవారం వెళ్లకండి, అర్జీల రోజు, ఎవరికీ తీరిక ఉండదు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు కూడా వద్దు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి తీసుకెళ్లండి, బయటి రాష్ట్రం అధికారులు చాలామంది ఉంటారు. తెలుగుని అను ఫాంట్‌లో టైపు చేయించి వర్డ్ ఫైల్ పంపితే అవతలి ఫోన్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి, యూనికోడ్‌లో చేయించి పీడీఎఫ్ పంపండి. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు రాయించుకోండి, సీసీ (అధికారి దగ్గర ఉండే క్యాంప్ క్లర్క్) గారికి ఒక కాపీ ఇచ్చి విషయం రెండు మాటల్లో చెప్పండి, ఏ కాగితం ఎప్పుడు పైకి పోవాలో ఆయనకే తెలుసు. లోపలికి పిలిస్తే మూడు నిమిషాల్లో ముగించేలా ఇంటి దగ్గర చెప్పుకుని వెళ్లండి. చేతిలో ఒక మ్యాప్ ఉండాలి: గూడెం, రోడ్డు ఆగిపోయే చోటు, పీహెచ్‌సీ, సిగ్నల్ దొరికే చోటు.

వెళ్లేముందు ఆ తెలుగు నోట్ గూడెంలో పెద్దగా చదివి వినిపించండి. నేను మొదటిసారి చదివినప్పుడు "ఇక్కడ ఫోన్ సిగ్నల్ ఉంది" అన్న ముక్క దగ్గర ఒక పెద్దామె ఆపింది. "ఉంది సారూ, ఆ గుట్ట మీద. నొప్పులు పడే పిల్లని యిడిసిపెట్టి ఎవురు ఎక్కాల ఆ గుట్ట?" అంది. అక్కడే కూర్చుని ఆ వాక్యం కొట్టేసి, గుట్ట ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆమెనే అడిగి రాసుకున్నా.