కణాల మాటలు – 4: మాంటూ పరీక్షను కొలవడం

క్రిములను మింగే మాక్రోఫేజ్, వాటిని గుర్తుపట్టే టి-కణం అనే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి ఏ కబుర్లు పంపుకుంటాయో గత భాగంలో చూశాం. ఆ కబుర్లు మైక్రోస్కోపు లేకుండానే వేలికి తగిలే చోటు ఒకటుంది. అది క్షయ కోసం చేసే మాంటూ పరీక్ష.

ముంజేతి లోపలివైపు, చర్మం పొరల్లోకే 0.1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ అనే క్షయ క్రిమి ప్రొటీన్‌ను ఎక్కిస్తారు. వెంటనే 6–10 మి.మీ. తెల్లటి బుడిపె లేవాలి. లేవకపోతే సూది లోతుకి దిగినట్టే. కొంచెం దూరంలో మళ్లీ వేయాల్సిందే.

ఇక లోపల ఏం జరుగుతుందంటే, డెండ్రైటిక్ కణాలు ఆ ప్రొటీన్‌ను మింగి, తునకలు చేసి, ఎమ్‌హెచ్‌సి-2 అనే పళ్లెం లాంటి అణువు మీద పెట్టి టి-కణాలకు చూపిస్తాయి. క్షయ క్రిమిని మునుపే ఎరిగిన సిడి4 రకం టి-కణం ఆ తునకను గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్-గామా అనే కబురు అణువును వదులుతుంది. దాంతో మాక్రోఫేజ్‌లు రెచ్చిపోయి టిఎన్‌ఎఫ్ అనే మరో కబురును వదులుతాయి. టిఎన్‌ఎఫ్ తగిలిన రక్తనాళాల లోపలి గోడ అతుక్కునే గుణం తెచ్చుకుంటుంది. దారిన పోయే టి-కణాలు, మోనోసైట్లు (మాక్రోఫేజ్‌లుగా మారే రక్తకణాలు) అక్కడ పట్టుబడి కణజాలంలోకి దిగుతాయి. ఇంతమందీ చేరి, ఫైబ్రిన్ అనే పీచు లాంటి ప్రొటీన్ పేరుకుని, చర్మం గట్టిపడేసరికి రెండు రోజులు. 48–72 గంటల మధ్యే చూడమనేది అందుకే.

కొలిచేటప్పుడు ఎరుపు జోలికి పోవద్దు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎరుపంటే ఉబ్బిన రక్తనాళాలు, గట్టిదనమంటే వచ్చి చేరిన కణాలు. బాల్‌పాయింట్ పెన్నుతో బయటి నుంచి మచ్చ వైపు మెల్లగా గీయండి. గట్టి అంచు తగిలి పెన్ను నిలిచినచోట ఆపేయండి. ఎదురువైపు నుంచీ అంతే. రెండు గీతల మొనల మధ్య దూరాన్ని చేతికి అడ్డంగా స్కేలుతో కొలవండి. ‘పాజిటివ్’ అని కాదు, ‘12 మి.మీ.’ అని రాయాలి. ఏమీ లేకపోతే ‘0 మి.మీ.’

మన దేశంలో సాధారణంగా 10 మి.మీ., హెచ్‌ఐవి ఉంటే 5 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్ కింద లెక్క. అంటే ఒంట్లో ఆ క్రిమిని ఎరిగిన టి-కణాలున్నాయని, జబ్బు ఉందని కాదు. బీసీజీ టీకా వల్లా గట్టిపడొచ్చు. సున్నా వచ్చినా నిశ్చింత లేదు. హెచ్‌ఐవిలో సిడి4 కణాలు పడిపోతే కబురు చెప్పేవాళ్లే కరువు. స్టెరాయిడ్లు ఆ కబురు నోరు నొక్కేస్తాయి. క్రిమి సోకి 8 వారాలు నిండకపోతే కణాలు ఇంకా తయారై ఉండకపోవచ్చు.

అభ్యాసం: హెచ్‌ఐవి లేని మనిషి. ఎరుపు 22 మి.మీ., గట్టిదనం చేతి పొడవునా 13, అడ్డంగా 8. రిపోర్టులో ఏం రాస్తారు? జవాబు వచ్చే భాగంలో. ఇదే కబురును గాజు గొట్టంలో, రక్తంలో కొలిచే ఇగ్రా పరీక్ష కూడా అందులోనే.