పెద్దవారిని వృద్ధాశ్రమంలో చేర్చే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

హనుమకొండలో గానీ కాజీపేటలో గానీ ఆశ్రమం చూడబోయేవారు, నిర్వాహకులు రమ్మన్న వేళకు ఒకసారి వెళ్లినా, రాత్రి 8 దాటాక చెప్పకుండా మరోసారి తప్పక వెళ్లాలి. పగలు కనిపించిన సిబ్బందిలో రాత్రికి ఎందరు మిగులుతారో, గంట కొడితే ఎంతసేపటికి వస్తారో అప్పుడే తెలుస్తుంది.

మంచం పట్టినవారి గదిని మొదట చూడండి. సొంతంగా కదలలేనివారిని సాధారణంగా 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే మడమలకు, నడుము కింద పుండ్లు పడతాయి. ఆ వేళలు రాసే రిజిస్టర్ చూపమని అడగండి; వారం రోజుల గడులన్నీ ఒకే కలంతో, ఒకే చేతిరాతతో నిండి ఉంటే నమ్మకండి. మా పెద్దమ్మ ఉన్నచోట మంచినీళ్ల గ్లాసు ఆమె చేతికందని కిటికీ గట్టు మీద, నిండుగా, పైన దుమ్ము తేలుతూ ఉండేది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో అది చిన్న లోపం కాదు.

స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, జారని నేల ఉండాలి. అర్ధరాత్రి ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తే వెంట ఎవరుంటారో, డైపర్లకూ ఆయాకూ విడిగా ఎంత తీసుకుంటారో, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

చేరబోయే పెద్దవారిని వెంట తీసుకెళ్లి, అక్కడ ఒక పూట భోజనం చేయించి, వారి మాట వినండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567ను వారి ఫోన్‌లో ముందుగానే పెట్టి ఉంచండి.