ఉద్దానం తోటల్లో వడ్రంగిపిట్ట గూడును గమనించడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో ఎక్కువగా కనిపించేది బంగారు వీపు వడ్రంగిపిట్ట. ఫిబ్రవరి నుంచి జులై దాకా గూళ్లు వెతకొచ్చు.

ముందు నేల చూడండి, తర్వాతే పైకి. 2018లో వచ్చిన తిత్లీ లాంటి తుపానుకు మొవ్వు విరిగి నిలిచిన కొబ్బరి మోళ్లంటే దీనికి ఇష్టం. మోడు కింద లేత రంగు చెక్క పేళ్లు కొత్తగా రాలి ఉంటే పైన పని నడుస్తోందన్నమాట. తొర్ర నోరు గుండ్రంగా, దాదాపు మూడంగుళాలు ఉంటుంది. ఎండిన సన్న కొమ్మకు అడుగు వైపు చిన్న రంధ్రముంటే అది కంసాలి పిట్టది. తొర్రలోంచి గడ్డి వేలాడుతుంటే గోరింక చేరినట్టే. వడ్రంగిపిట్ట లోపల ఏమీ పరవదు.

ఉదయం 6 నుంచి 9 లోపు, ఎండ వీపుకు తగిలేలా, 20–25 మీటర్ల దూరంలో చెట్టు చాటున కూర్చోండి. 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) చాలు. పిట్ట పక్క చెట్టు మీదే అరుస్తూ తొర్రలోకి వెళ్లడం లేదంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. ఇంకో పది మీటర్లు వెనక్కి జరగండి.

నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: సమయం, ఆడా మగా, లోపలికా బయటికా, ఏం చేసింది. మగదానికి నుదుటి నుంచి జుట్టంతా ఎరుపే. ఆడదాని నుదురు నలుపు, దాని మీద తెల్ల చుక్కలు; వెనక జుట్టు మాత్రమే ఎరుపు. సాయంత్రం పొద్దుగుంకే వేళ కూడా ఓ అరగంట చూడండి, రాత్రి గుడ్ల మీద ఉండేది సాధారణంగా మగదే.

ఏ దశలో ఉందో పిట్ట నడతే చెబుతుంది. ముక్కుతో పేళ్లు బయటికి విసురుతుంటే తవ్వకం. ఒకటి వచ్చాకే రెండోది బయటికొచ్చి, మళ్లీ చాలాసేపు చప్పుడు లేదంటే పొదుగుతున్నాయి. అది సుమారు 11 రోజులు. రాకపోకలు పెరిగాయంటే పిల్లలున్నట్టు. ఇక్కడే చాలామంది పొరబడతారు: ముక్కు ఖాళీగా కనిపిస్తే మేత తేలేదని రాసేస్తారు. చీమలు, పురుగులు గొంతులో దాచి తెచ్చి, లోపల కక్కి పెడుతుంది. అందుకే ముక్కును కాదు, రాకపోకలను లెక్కపెట్టండి. మేత మొదలయ్యాక 20 రోజులకు అటూ ఇటూగా పిల్లలు ఎగిరిపోతాయి.

మోడును తట్టకండి, తొర్రలోకి ఫోన్ లైటు వేయకండి. ఎగరడానికి సిద్ధమవుతున్న పిల్లలు బెదిరి ముందే దూకేస్తాయి. గూటికి, గుడ్లకు హాని చేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. అన్నిటికన్నా ముందు తోట రైతుతో మాట్లాడండి, జులై దాటేవరకు ఆ మోడు నరకొద్దని.