గోంగూర ఎక్కువైతే ఐస్ ట్రేలో దాచుకోండి

బెంగళూరులో మే చివర వానలు పట్టుకోగానే మా మేడ మీది కుండీల్లో గోంగూర ఒక్కసారిగా ఏపుగా వచ్చేస్తుంది. కోసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులకే ఆకు నల్లబడి జిగురుపడుతోంది. ఎండబెడదామంటే ఎండ ఉండదు. ఇక్కడి మార్కెట్లో ‘పుండి సొప్పు’ అని అడిగి కొనుక్కునే ఆకు ఇది, చేతులారా పెంచి పారేయాలంటే ప్రాణం ఒప్పదు.

ఈసారి పూత రాకముందే లేత ఆకు తుంచి, 2 సార్లు కడిగి, పాత నూలు చీర మీద పరిచి రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాను. పావు కిలో ఆకుకు 2 పెద్ద చెంచాల నూనె వేసి, స్టీలు గిన్నెలో (అల్యూమినియం వద్దు, పులుపుకు పడదు) సన్న మంట మీద 10 నిమిషాలు మగ్గిస్తే ముద్దలా దగ్గరపడుతుంది. ఉప్పు, కారం వేయలేదు, వండేటప్పుడు చూసుకోవచ్చు. పూర్తిగా చల్లారాక ఐస్ ట్రేలో నింపి ఫ్రీజర్లో పెట్టాను. మర్నాడు గట్టిపడ్డ ముక్కలను బిగుతు మూత ఉన్న డబ్బాలోకి మార్చి మళ్లీ అక్కడే పెట్టాను.

కప్పు కందిపప్పుకు 4 ముక్కలు సరిపోతున్నాయి. పప్పు మెత్తగా ఉడికాకే వేయండి. పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు.

ఒక్క జాగ్రత్త. కరెంటు చాలాసేపు పోయి ముక్కలు కరిగితే మళ్లీ గడ్డకట్టించకండి, ఆ రోజే వండేయండి. నిల్వ పచ్చడికి మాత్రం ఈ ముద్ద పనికిరాదు. ఇందులో తడి ఉంటుంది, బూజు పట్టేస్తుంది. దానికి బాగా ఆరిన తాజా ఆకే వాడాలి.