కవిత, నాటకం, కొత్త బృందగానం కలిపి ఒకే ప్రదర్శనగా మలచడం ఎలా?

ఈ మూడింటినీ ఒకే వేదిక మీదికి తెచ్చే ప్రయత్నాలు ఎక్కువగా ఒక్క చోటే దెబ్బతింటాయి: నటుడు చెప్పిన దాన్నే కవిత మళ్లీ చెబుతుంది, కవిత చెప్పిన దాన్నే బృందం మళ్లీ పాడుతుంది. కనుక స్వరకర్తకు పని అప్పగించకముందే ఏ మాట ఎవరి నోట రావాలో తేల్చుకోవాలి.

ముందుగా కవితను గొంతెత్తి చదివి, ఎంతసేపు పట్టిందో చూసుకోండి. ఒక నిమిషంలో చదివే కవిత, పాటగా మారి పల్లవించేసరికి మూడు నాలుగు నిమిషాలు సులభంగా తీసుకుంటుంది. అందువల్ల మొత్తం పాడించాలన్న పట్టుదల వదిలి, కథను నడిపే పంక్తులను నటులకు, ఒకే భావం చుట్టూ తిరిగే పంక్తులను బృందానికి కేటాయించండి. కవితపై హక్కులు ఇతరులవైతే, కత్తిరింపులకూ స్వరపరచడానికీ రాతపూర్వక అనుమతి ఈ దశలోనే తీసుకోవాలి.

తరువాత, బృందం కథలో ఎవరో నిర్ణయించండి. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ విషాద నాటకాల్లో 12 నుంచి 15 మంది పాడుతూ, కదులుతూ, ఊరి పెద్దలుగానో బందీలుగానో కథలోనే నిలబడేవారు. గాయకులను వెనుక వరుసలో నిలబెట్టి, చేతికి పుస్తకాలిచ్చి వదిలేస్తే అది నాటకానికి తోడుగా జరిగే కచేరీ అవుతుందే తప్ప, కలయిక కాదు.

మాట నుంచి పాటకు దాటే చోటే అసలు నేర్పు అవసరం. ఉదాహరణకు పంక్తి "తలుపు తీయకు, నది లోపలికి వస్తుంది" అనుకుందాం. నటి మొదటి సగం పలికి, గడియ మీద చేయి ఉంచి ఆగుతుంది. బృందంలోని మంద్ర కంఠాలు "నది" అన్న ఒక్క మాటను ఒకే స్వరంలో అందుకుంటాయి. మిగతా కంఠాలు ఒక్కొక్కటిగా చేరుతూ "వస్తుంది" దగ్గర నాలుగు స్వరాలుగా విడిపోతాయి. శృతి కోసం వాద్యం మోగించి నిశ్శబ్దాన్ని చెదరగొట్టకుండా, అంతకుముందు సంభాషణ కిందే సన్నని ఆధార స్వరాన్ని నడిపితే గాయకులకు అది చాలు. సంభాషణ సాగుతున్నప్పుడు బృందం పెదవులు మూసి, మాటల్లేకుండా సన్నగా హమ్మింగ్ మాత్రమే చేయాలి. మాట మీద మాట పడితే రెండూ పోతాయి.

స్వరకర్తకు గుర్తుచేయవలసింది ఒకటుంది. స్త్రీల కంఠం బాగా పై స్థాయికి వెళ్లినప్పుడు అచ్చుల మధ్య తేడా చెరిగిపోతుంది కాబట్టి, కథకు కీలకమైన మాటను మధ్య స్థాయిలోనే ఉంచాలి. దీర్ఘ స్వరాల్లో గాయకులు వంతులవారీగా ఊపిరి తీసుకుంటే ధార తెగదు.

రిహార్సల్స్ మొదట విడివిడిగా జరపవచ్చు గాని, కదులుతూ పాడవలసిన వారికి పాట కంఠస్థం కావాలి కనుక బృందం ముందే మొదలుపెట్టాలి. చేతి సైగలతో బృందగానాన్ని నడిపే సంచాలకుడు ప్రతి గాయకుడికీ కనబడాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. 17 మీటర్ల దూరంలో నిలబడిన వారి పాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకే దూరంగా ఉన్న గాయకులు చెవిని కాక సంచాలకుడి చేతిని నమ్ముకోవాలి.

తొలి ఉమ్మడి రిహార్సల్‌కు కవిత తెలియని ఒకరిని పిలిచి, చివరి వరుసలో కూర్చోబెట్టి, వినబడిన మాటలను రాయమనండి. ఏ కీలకమైన మాట ఆ కాగితంలో లేకపోతే, అక్కడ కొన్ని కంఠాలను తగ్గించండి, లేదా ఆ పంక్తిని పాట నుంచి తీసి నటుడికి ఇవ్వండి.