స్పోర్ట్ టూరింగ్ టైర్లు: కొన్న రోజు నుంచి మార్చే రోజు దాకా

వేగానికీ దూర ప్రయాణాలకూ పనికొచ్చేలా చేసిన బైకు టైరును స్పోర్ట్ టూరింగ్ టైరు అంటారు. దాని గురించి ఇద్దరు రైడర్లు మాట్లాడుకుంటే మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని వేలు వచ్చింది?" అన్నదే. వెనక టైరు ఎనిమిది వేల కిలోమీటర్లకే అయిపోయిన వారూ ఉంటారు, దాదాపు అదే టైరును పదిహేను వేలు దాటించిన వారూ ఉంటారు. బండి బరువు, వేగం, గాలి, రోడ్డు, యాక్సిలరేటర్ తిప్పే తీరు, వీటన్నిటినీ బట్టి ఆ అంకె మారిపోతుంది కాబట్టి దాన్ని పట్టుకుని టైరు ఎంచుకోవడంలో పెద్ద అర్థం లేదు. జత తర్వాత జతగా వీటిని వాడుతూ వస్తే తేలేది ఏమిటంటే, కొత్తలో పేరున్న కంపెనీల టైర్లన్నీ బాగానే ఉంటాయి. సగం అరిగాక, అందులోనూ వానలో, ఏది ఎలా నడుస్తుందన్న దగ్గరే అసలు తేడా బయటపడుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో సగాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పేదే.

రేసు ట్రాక్ కోసం చేసిన మెత్తని టైరు బాగా వేడెక్కితే గానీ పట్టు ఇవ్వదు, తొందరగానూ అరిగిపోతుంది. స్పోర్ట్ టూరింగ్ టైరు ఇంటి ముందు బండి తీసిన కాసేపటికే పని మొదలుపెట్టాలి, తడి రోడ్డు మీద నిలవాలి, దూర ప్రయాణాలకు మన్నాలి. ఇందుకోసం తయారీదారులు రబ్బరులో సిలికా అనే సన్నని పొడి కలుపుతారు. చాలా మోడళ్లలో, ముఖ్యంగా వెనక టైరుకు, నడిమి భాగంలో గట్టి రబ్బరునూ రెండు అంచుల వైపు మెత్తని రబ్బరునూ వాడతారు. నిటారుగా వెళ్లేటప్పుడు గట్టిది, వాలినప్పుడు మెత్తది నేలను తాకుతుందన్నమాట.

ఈ ఏర్పాటు ఎంత బాగున్నా హైదరాబాద్‌లో ఉండే రైడరుకు ఒక చిక్కు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి సర్వీసు రోడ్ల మీదుగా ఊరు దాటి, బెంగళూరు వైపు 44వ నంబరు, విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటాము. రెండూ చాలా దూరం గీత గీసినట్టు సాగేవే. మలుపులు కావాలంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకో, మన్ననూరు దాటాక నల్లమలలోని శ్రీశైలం దారికో పోవాలి. మొత్తం మీద ఇక్కడి బండి నడిచే దూరంలో ఎక్కువ భాగం టైరు నడిమి పట్టీ మీదే నడుస్తుంది. అంచులు కొత్తగానే ఉండగా నడుము చదునైపోతుంది.

కొనేటప్పుడు

సైజును బండి తయారీదారు చెప్పినట్టే ఉంచాలి. కవాసాకి నింజా 650 వెనక చక్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే, 160/60 జెడ్ఆర్ 17 అన్నదానిలో 160 వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే రిమ్ము నుంచి టైరు ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, జెడ్ అంటే ఎక్కువ వేగానికి తగినది, ఆర్ అంటే రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే రకం), 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. దాని పక్కన ఉండే 69డబ్ల్యూలో 69 అన్నది ఆ టైరు 325 కిలోలు మోయగలదనీ, డబ్ల్యూ గంటకు 270 కిలోమీటర్ల వేగం తట్టుకోగలదనీ చెబుతాయి. వేగం అక్షరం గురించి మన రోడ్ల మీద అంతగా పట్టించుకోనవసరం లేకపోయినా, వెనక మనిషినీ రెండు వైపులా బ్యాగులనూ ఎక్కించుకునేవారు బరువు అంకె తగ్గకుండా చూసుకోవడం తప్పనిసరి.

ఒక సైజు పెంచి వేయించుకోవడం మన దగ్గర బాగా అలవాటు. కేటీఎం 390 డ్యూక్‌కు నాలుగు అంగుళాల వెనక రిమ్ము మీద 150 టైరు వస్తుంది. దాని స్థానంలో 160 వేస్తే రిమ్ము టైరును రెండు వైపులా నొక్కి పట్టి, దాని గుండ్రదనాన్ని మార్చేస్తుంది. బండి మలుపులోకి వాలే తీరు మారిపోతుంది, అంచుల రబ్బరు నేలను తాకనే తాకదు. వెనక నుంచి చూసేవారికి నిండుగా కనిపించడం తప్ప దీనివల్ల కలిగే లాభం నాకు కనిపించలేదు.

తయారీ తేదీ తప్పక చూడాలి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డీఓటీ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి అనుమతి ఉంటేనే సరుకు వస్తుంది కాబట్టి పెద్ద బండ్ల సైజుల్లో కోరిన మోడల్ కోరిన రోజున దొరకకపోవడం, దొరికినది పాత తేదీది కావడం రెండూ జరుగుతాయి. చీకటి గదిలో, చల్లని చోట నిలవ ఉన్న టైరుకు ఏడాది వయసు లోపమేమీ కాదు. దుకాణం ముందు ఎండలో వేలాడదీసిన ఆరు నెలల టైరు కంటే అదే నయం. రెండేళ్లు దాటినదానికి మాత్రం పూర్తి ధర ఇవ్వనవసరం లేదు, తగ్గింపు గట్టిగా అడగవచ్చు. దిగుమతి టైరు మీదైనా ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ఆ గుర్తు లేనిదాన్ని ఎంత తక్కువకు ఇస్తామన్నా వదిలేయండి.

బిగించే రోజు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా మీ పేటలోనైనా, అల్లాయ్ చక్రాలకు పనికొచ్చే టైరు మెషీనూ బ్యాలెన్సింగ్ సౌకర్యమూ ఉన్న దుకాణాన్నే ఎంచుకోవాలి. ఇనుప రాడ్లతో ఊడదీస్తే రిమ్ము అంచు గీరుకుపోతుంది, ఆ గీత దగ్గర నుంచి గాలి రోజుకు కొంచెం చొప్పున పోతూ ఉంటుంది. టైరు మీది బాణం చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో మీరే చూడండి. వాల్వును టైరుతో పాటే మార్చించండి. టైరు ధర ముందు దాని ఖర్చు లెక్కలోకి రాదు. చక్రం విప్పి ఉన్నప్పుడే బేరింగులను వేలు పెట్టి తిప్పి చూస్తే గరగర ఉందో లేదో తెలుస్తుంది. వెనక చక్రం బిగించాక చైన్ బిగువునూ, రెండు వైపులా ఉన్న గుర్తులు సమంగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. బండి కదిలించే ముందు రెండు బ్రేకులనూ నాలుగైదు సార్లు నొక్కాలి, ఎందుకంటే చక్రం తీసినప్పుడు ప్యాడ్లు వెనక్కి జరిగి మొదటి నొక్కుకు బ్రేకు పడకపోవచ్చు.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి నూటయాభై కిలోమీటర్లు నిదానంగా నడుపుతూ, వాలును క్రమంగా పెంచుకుంటూ పోతే చాలు.

గాలి సంగతి

టైరు మన్నికను దేనికంటే ఎక్కువగా నిర్ణయించేది గాలి. ఎంత కొట్టించాలన్నది బండి స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీదో చైన్ కవర్ మీదో అతికించిన స్టిక్కరులో ఉంటుంది. సైడ్‌వాల్ మీద కనిపించే గరిష్ఠ అంకెను చూసి అంతా నింపించేవారున్నారు, అది ఆ టైరు పూర్తి బరువు మోసేటప్పటి హద్దే గాని మీ బండికి చెప్పిన లెక్క కాదు. గాలిని ఉదయం బండి కదలకముందు సొంత గేజీతో చూసుకోవాలి, ఎందుకంటే పెట్రోల్ బంకు మీటర్లకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు, బంకు దాకా నడిపేసరికి టైరు కూడా వేడెక్కి ఉంటుంది.

ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ (గేజీ మీది ఒక అంకె) మారుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 36 చూపిన టైరు, మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు ఉన్నప్పుడు బండి కదలకుండానే 40 దాకా చూపుతుంది. చలికాలంలో సరిచేసి వదిలేస్తే ఎండాకాలానికి ఎక్కువవుతుంది, ఎండాకాలంలో సరిచేసినది చలికి తక్కువవుతుంది. కాబట్టి వారానికోసారి చూసుకోవడం మొక్కుబడి వ్యవహారం కాదు. అయితే రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఎండలో విజయవాడ దారిన వెళ్తూ, సూర్యాపేట దగ్గర ఆగి గేజీ పెట్టి చూసి, ఎక్కువుందని గాలి తీసేయడం మాత్రం పొరపాటు. వేడిలో పెరగడం దాని సహజ గుణం. అక్కడ తీసేస్తే రాత్రికి చల్లారాక కావలసినదానికంటే తక్కువ మిగులుతుంది, మరుసటి రోజు టైరు మరింత నలిగి మరింత వేడెక్కుతుంది. గంటసేపు నడిపాక చల్లని కొలత మీద పది శాతం దాకా పెరిగితే అంతా సవ్యంగా ఉన్నట్టే. అంతకు బాగా మించి పెరిగితే మొదట కొట్టించిన గాలే తక్కువైందనో, బరువు ఎక్కువైందనో అనుమానించాలి.

నత్రజని గురించి కూడా అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. ఉచితంగా నింపితే కాదనవద్దు, డబ్బిచ్చి మాత్రం నింపించనవసరం లేదు.

చేత్తో చూసి తెలుసుకోవడం

కంటికి గాడులు కనిపిస్తున్నాయి కదా అని ఆగిపోకూడదు. బండిని సెంటర్ స్టాండ్ మీదో ప్యాడాక్ స్టాండ్ (చక్రాన్ని పైకెత్తి నిలిపే విడి స్టాండు) మీదో నిలిపి, ముందు టైరు మీద అరచేతిని ఒకసారి తిరిగే దిశలో, ఒకసారి ఎదురు దిశలో నెమ్మదిగా జరపండి. ఒక వైపు నున్నగా జారిపోయి, రెండో వైపు ప్రతి గాడి దగ్గరా అంచు వేలికి తగులుతుంటే టైరు మెట్లు మెట్లుగా అరుగుతోందని అర్థం. బ్రేకు వేసిన ప్రతిసారీ గాడి పక్కనున్న రబ్బరు ముక్క వంగి, దాని ఒక అంచు ఎక్కువగా రాసుకుపోవడం వల్ల ఇలా అవుతుంది. కొంత మేరకు ఇది అన్ని ముందు టైర్లలోనూ ఉంటుంది. తొందరగా పెరిగిపోతుంటే మాత్రం గాలి తక్కువైందేమో, ఫోర్కు (ముందు సస్పెన్షన్) నూనె పాతబడి డాంపింగ్, అంటే కుదుపును అణిచే శక్తి, తగ్గిందేమో చూడాలి. మలుపులో వాలి ఉన్నప్పుడు ముందు నుంచి గుయ్యిమనే శబ్దం వస్తుంటే కారణం చాలాసార్లు ఇదే.

వెనక టైరును వెనక నుంచి వంగి చూడాలి. కొత్తలో ఉన్న విల్లు వంటి గుండ్రదనం పోయి, నడుమ చదునైన పట్టీ, దానికి రెండు పక్కలా చిన్న గట్టు ఏర్పడి ఉంటే, బండి వాలేటప్పుడు మొదట మొరాయించి, ఆ గట్టు దాటగానే ఒక్కసారిగా పడిపోయినట్టు అనిపిస్తుంది. లారీ చక్రాలు తొక్కి రోడ్డు మీద చేసిన గాడుల్లో హ్యాండిల్ దానంతట అది కదులుతుంది. రోజూ కొంచెం కొంచెంగా మారడం వల్ల చాలామందికి ఇది తెలియదు, కొత్త టైరు వేయించిన రోజున "బండి ఇంత తేలికగా ఉండేదా" అని ఆశ్చర్యపోతారు. కాబట్టి చవకగా దొరికే లోతు గేజీ ఒకటి కొనుక్కుని, నడుమనూ రెండు అంచుల దగ్గరా కొలిచి, కిలోమీటర్ల పక్కన రాసి పెట్టుకోవడం మేలు. అనుభూతి మరిచిపోతుంది గాని రాసుకున్న అంకె అలాగే ఉంటుంది.

వాన

గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి, వాటి స్థానాన్ని సైడ్‌వాల్ మీద టీడబ్ల్యూఐ అన్న అక్షరాలతో గుర్తిస్తారు. రబ్బరు ఆ మట్టానికి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టు. మన మోటారు వాహనాల నిబంధనలు ద్విచక్ర వాహనాలకు చెప్పే కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు. అది చట్టం ఒప్పుకునే హద్దు మాత్రమే. ఒక్క గంట వానకు ఫ్లైఓవర్ల కిందా అండర్‌పాస్‌లలోనూ మోకాలి లోతు నీళ్లు నిలిచే ఊళ్లో ఆ హద్దు దాకా నడపడం నా లెక్కలో సాహసమే. నీటిని పక్కకు తోసేది గాడి లోతే కాబట్టి, నడుమ రెండు మిల్లీమీటర్లకు దిగిన టైరును జూన్‌లోకి తీసుకుపోకూడదు.

ఇందువల్ల టైరు మార్చే కాలాన్ని క్యాలెండరు చూసి నిర్ణయించుకోవడం మంచిది. చాలామంది పాత టైరుతోనే వానలు గడిపేసి, దసరా సెలవుల ప్రయాణానికి ముందు కొత్తవి వేయిస్తారు. దీన్ని తిరగేయాలి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం పంచే రోజులకల్లా కొత్త జత బండికి ఎక్కి, అలవాటు పడి ఉండాలి. అప్పుడు లోతైన గాడులు వానాకాలానికి దక్కుతాయి, చదునైన టైరుతో గడిపే నెలలు పొడి రోడ్ల కాలంలో పడతాయి. తొలకరి రోజున మాత్రం కొత్త టైరును నమ్ముకుని కూడా తొందరపడవద్దు. నెలల తరబడి పేరుకున్న దుమ్మూ డీజిలూ నీళ్లలో కలిసి జారుడు బురద అవుతాయి. రోడ్డు మీది తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ అతుకుల దగ్గరి ఇనుప పట్టీలు ఏ రబ్బరుకూ పట్టు ఇవ్వవు.

వాటర్ సర్వీసింగ్ చేసే కుర్రాళ్లు బండి మెరవాలని టైర్లకు పాలిష్ పూస్తారు. నేలను తాకే భాగానికి అది అంటిందంటే మొదటి మలుపులోనే జారుతుంది. నీళ్లు కొట్టడం మొదలుపెట్టకముందే వద్దని చెప్పాలి.

పంక్చర్

అరిగేకొద్దీ రబ్బరు పలచబడి, చివరి రెండు వేల కిలోమీటర్లలో మేకులు తొందరగా దిగుతాయి. నడిమి భాగంలో ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రం అయితే సరిచేయించుకోవచ్చు. అంచు మీద, సైడ్‌వాల్ మీద అయితే టైరు మార్చడమే. బయట నుంచి దూర్చే జిగురు తాడు ఇల్లు చేరడానికి పనికొస్తుంది గాని, రేడియల్ లోపలి ఉక్కు తీగలను కోసుకుంటూ దిగిన ఆ రంధ్రంలోకి నీరు చేరితే అవి తుప్పు పడతాయి. కాబట్టి తర్వాత టైరు విప్పించి, లోపల నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్లగ్గు వేయించాలి. శ్రీశైలం వైపు వెళ్లేవారు మన్ననూరు దాటితే అడవిలో పంక్చర్ దుకాణం మీద ఆశ పెట్టుకోకూడదు. రాత్రి తొమ్మిది తర్వాత ఆ దారి మూసేస్తారు కూడా. తాడు కిట్టు, బ్యాటరీకి తగిలించే చిన్న గాలి పంపు సీటు కింద ఉండాలి, వాటిని ఇంటి దగ్గర ఒకసారైనా వాడి చూసి ఉండాలి.

వెనక టైరు అయిపోయేసరికి ముందుది సగం మిగిలి ఉండటం మామూలే. మెట్లు పడకుండా, ఐదేళ్లు దాటకుండా ఉంటే అలాగే కొనసాగించవచ్చు, లేకుంటే జతగా మార్చడమే మంచిది. తీసేసిన టైరును దుకాణదారు ఉంచుకుంటానంటే ఒక్క క్షణం ఆలోచించండి. గుండు అయిపోయిన టైర్లకు కత్తితో మళ్లీ గీతలు కోసి అమ్మేవారు ఉన్నారు. లోతు రెండు మిల్లీమీటర్లు కూడా లేనిదైతే సైడ్‌వాల్‌ను అక్కడే మీ ఎదుట కోయించి ఇవ్వండి.