లే, లెయిడ్, లెయిన్: ఏది ఎక్కడ వాడాలి

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తడబడే క్రియ 'లై', అంటే పడుకోవడం. దీని భూతకాలం 'లే', మూడో రూపం 'లెయిన్'. చిక్కంతా ఆ 'లే' దగ్గరే ఉంది. పడుకోబెట్టడం, ఉంచడం అనే అర్థంలో 'లే' అనే ఇంకో క్రియ ఉంది. అది లే, లెయిడ్, లెయిడ్ అని నడుస్తుంది. ఒకదాని రెండో రూపం, ఇంకోదాని మొదటి రూపం అక్షరం తేడా లేకుండా ఒకటే కాబట్టి పట్టిక బట్టీపట్టినా వాక్యం రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 'పడుకుంది', 'పడుకోబెట్టింది' మధ్య మనం ఎప్పుడూ పొరపడం. రాయబోయే వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని, 'దేన్ని?', 'ఎవర్ని?' అని అడగండి. జవాబు రాకపోతే లై, లే, లెయిన్. వస్తే లే, లెయిడ్, లెయిడ్.

ఆమె పదింటికి పడుకుంది. ఎవర్ని? జవాబు లేదు. కాబట్టి 'షీ లే డౌన్ ఎట్ టెన్'. పాపను పడుకోబెట్టింది. ఎవర్ని? పాపను. 'షీ లెయిడ్ ద బేబీ డౌన్'. తాళాలు రాత్రంతా బల్ల మీదే ఉన్నాయి అనాలంటే 'ద కీస్ లే ఆన్ ద టేబుల్ ఆల్ నైట్'. ప్రాణం లేని వస్తువులకూ ఇదే లెక్క.

ఎక్కువమంది చేసే తప్పు 'ఐ లెయిడ్ డౌన్'. మాటల్లో ఇంగ్లీషువాళ్ల నోటా ఇది వినిపిస్తుంది గానీ, పరీక్షలో, ఉద్యోగ దరఖాస్తులో తప్పుకిందే లెక్క. 'ఐ లైడ్ ఆన్ ద బెడ్' అంటే ఇంకా ప్రమాదం: లై, లైడ్, లైడ్ అనేది అబద్ధమాడే క్రియ.

'డిడ్' వచ్చాక మొదటి రూపమే రావాలి: 'హీ డిడ్ నాట్ లై డౌన్'. భూతకాలం కదా అని అక్కడ 'లే' పెట్టకూడదు. కర్మణి వాక్యంలో ఎప్పుడూ లెయిడే: 'ద ఫౌండేషన్ వాజ్ లెయిడ్'. పడుకునే క్రియకు కర్మ ఉండదు కాబట్టి 'వాజ్ లెయిన్' అనే మాటే పుట్టదు.

'హ్యావ్', 'హ్యాడ్' తర్వాత 'లెయిన్' సరైనదే అయినా వాడుకలో బాగా అరుదు. చెవికి ఎబ్బెట్టుగా తోస్తే 'హ్యాజ్ బీన్ లయింగ్' అని మార్చుకోండి.

స్పెల్లింగ్‌లో రెండు జాగ్రత్తలు. లెయిడ్‌ను ఎల్-ఏ-ఐ-డి అనే రాయాలి. వై పక్కన ఈడీ చేర్చి రాస్తే తప్పు. లయింగ్‌ను ఎల్-వై-ఐ-ఎన్-జీ అని రాయాలి. ఎల్ పక్కన ఏ పడిందంటే అది 'లేయింగ్', ఉంచడం అయిపోతుంది.